గాలి బరువు, బోల్టు బిగువు

జూలైలో మస్కట్ నుంచి సలాలాకి సరుకు వేసుకుని బయల్దేరిన లారీ ఒమన్ అన్న ఒక్క దేశంలోనే రెండు రుతువులు దాటుతుంది. నిజ్వా, ఆదం వెనకబడ్డాక మిగిలేదంతా చదునైన రాతి ఎడారి. హైమా చుట్టుపక్కల మధ్యాహ్నం నీడలోనే 45 డిగ్రీలు దాటడం అక్కడ వార్త కాదు. అదే లారీ థుమ్రైత్ దాటి ధోఫార్ కొండల మీదికి చేరేసరికి రుతుపవనం తెచ్చిన మబ్బు రోడ్డు మీదే పరుచుకుని ఉంటుంది. సన్నటి తుంపర, పాతిక డిగ్రీల చల్లదనం. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దారి చివర డ్రైవరు ఏసీ ఆపేసి అద్దం దించుతాడు. ఇంజిన్‌కి కూడా ఆ మార్పు తెలుస్తుంది. పీడనం ఒకటే అనుకుంటే, 48 డిగ్రీల గాలికంటే 25 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం చిక్కన. పిస్టన్ గాలి పీలుస్తూ కిందికి దిగిన ప్రతిసారీ ఆ మేరకు ఆక్సిజన్ అదనంగా దొరుకుతుంది.

డీజిల్ ఇంజిన్ కథంతా ఈ గాలి చుట్టూ తిరిగేదే. డీజిల్ ఎంతైనా కొట్టొచ్చు, కాల్చడానికి గాలి చాలకపోతే అది నల్లపొగై సైలెన్సర్లోంచి పోతుంది. అందుకే బరువు లాగలేని లారీని చూసి యజమానికి ముందు తోచేది టర్బో. "అన్నా, గుట్ట ఎక్కుతలేదు. టర్బో జర పెంచరాదు?" అనే మాట గల్ఫ్ మెకానిక్‌కి కొత్త కాదు. అక్కడ సనాయా అని పిలిచే పారిశ్రామిక వాడల్లో, మస్కట్‌లోనైతే వాదీ కబీర్, ఘలా లాంటి చోట్ల, రిపేరు షెడ్లు వరసగా ఉంటాయి. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లి పానా పట్టినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

టర్బో సిలిండర్లలోకి తోసే గాలి పీడనాన్ని, అంటే బూస్టుని, పెంచడం నిజానికి తేలిక. పాత బండి అయితే వేస్ట్‌గేట్ రాడ్ కాస్త బిగిస్తే చాలు. కొత్తదైతే కంప్యూటర్‌కి ఒక చిన్న పెట్టె తగిలిస్తారు. కొన్ని పెట్టెలు చేసే పని అబద్ధం చెప్పడం: డీజిల్ పీడనం ఉన్నదానికంటే తక్కువగా ఉందని కంప్యూటర్‌ని నమ్మిస్తే అది ఇంకాస్త ఎక్కువ కొడుతుంది. సాయంత్రానికల్లా బండి లాగుతుంది. వీటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఇంజిన్ లోపల మోసే బరువు ఎంత పెరిగిందో ఆ పెట్టె చెప్పదు, డాష్‌బోర్డు మీది బూస్టు గేజి కూడా చెప్పదు.

టర్బో ఆలోచన లారీ టర్బోలకన్నా చాలా పాతది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో కొసన ఉన్న చక్రంతో గాలిని సిలిండర్లలోకి తోయాలన్నది ఊహ. అది పనికొచ్చే యంత్రం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1925లో పది సిలిండర్ల ఓడ ఇంజిన్లకి దాన్ని బిగిస్తే 1,750 గుర్రాల శక్తి 2,500కి చేరింది. లారీల్లోకి స్విస్ కంపెనీ సౌరర్ 1938లో తెచ్చింది. 1954లో వోల్వో తన 9.6 లీటర్ల ఇంజిన్‌కి టర్బో పెట్టి 150 గుర్రాలని 185 చేసింది. పెంపు పాతిక శాతం కూడా లేదు. అప్పటి లోహాలూ గ్యాస్కెట్లూ అంతకన్నా ఎక్కువ తట్టుకోలేవన్న భయం కావచ్చు.

ఆ భయం ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. 17 కి 1 కంప్రెషన్ ఉన్న ఇంజిన్ మామూలు గాలిని పిండితే, డీజిల్ చుక్క పడకముందే లోపల సుమారు 45 బార్ల పీడనం ఏర్పడుతుంది. ఒక బార్ అంటే సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు సమానం. గేజి మీద 1.5 బార్ల బూస్టు అంటే, వాతావరణంతో కలిపి 2.5. అప్పుడు పిండిన చివర 115 బార్లు. గేజి ముల్లుని 2.5కి జరిపితే 160. ముల్లు కదిలింది ఒక్క బార్, లోపల పెరిగింది 45. ఇంకా మంట అంటుకోలేదు. అంటుకున్నాక నేటి లారీ ఇంజిన్లలో గరిష్ఠ పీడనం 200 బార్లు దాటుతుంది. వోల్వో 13 లీటర్ల ఇంజిన్ బోరు 131 మిల్లీమీటర్లు. అంత వెడల్పు పిస్టన్ మీద 200 బార్లంటే 27 టన్నులు. 250 అయితే 34 టన్నులు. బాగా లోడెక్కిన లారీ ఒకటి నిమిషానికి కొన్ని వందల సార్లు ఆ గుండ్రటి లోహపు ముక్క మీద పడి లేస్తోందన్నమాట.

కాబట్టి బూస్టు పెంచాలనుకున్నవాడు మొదట బోల్టులు కొనాలా, పిస్టన్లు కొనాలా? ఒమన్‌లోనైతే రెండూ కాదు, ముందు చల్లబరిచే ఏర్పాటు చూసుకోవాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 48 డిగ్రీల గాలిని మామూలు సామర్థ్యం ఉన్న టర్బో రెండున్నర రెట్లు నొక్కితే అది 185 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. మూడున్నర రెట్లయితే 245. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది కనుక, రెండున్నర రెట్ల పీడనానికి నిజంగా దొరికే గాలి ఒకటిముప్పావు రెట్లే. దాన్నే ఇంటర్‌కూలర్లో 70 డిగ్రీలకి చల్లార్చి పంపితే రెండింపావు రెట్లు దాటుతుంది. బూస్టు ఏమాత్రం పెంచకుండా, సిలిండర్ మీద బరువు మోపకుండా దొరికిన గాలి ఇది.

చిక్కేమిటంటే ఇంటర్‌కూలర్‌ని చల్లార్చేది కూడా బయటి గాలే. స్వీడన్‌లో ఆ గాలి 15 డిగ్రీలు ఉండొచ్చు. ఒమన్ తీరంలోని ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న రాత్రీ పగలూ కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికే దిగలేదు. ఒక రోజు కనిష్ఠంగా అప్పటివరకు ప్రపంచంలో నమోదైనవాటిలో అది అత్యధికం. రాత్రి ప్రయాణం పెట్టుకుంటే ఇంజిన్ చల్లగా ఉంటుందన్న మన దగ్గరి ధీమా అక్కడ సాగదు. లోపలికెళ్లే గాలి 30 డిగ్రీలు ఎక్కువైతే, పిస్టన్ పిండిన చివర అది 80 డిగ్రీల తేడా అవుతుంది. మంటా, ఆ మంట సోకే లోహమూ ఆ పైమెట్టు నుంచే మొదలవుతాయి.

అలాగని పెద్ద ఇంటర్‌కూలర్ తెచ్చి ముందు బిగిస్తే పని అయిపోదు. చాలా లారీల్లో ముందు ఇంటర్‌కూలర్, వెనక రేడియేటర్ ఉంటాయి. ముందుది విడిచిన వేడిగాలే వెనకదానికి దక్కుతుంది. ఎడారి దుమ్ము రెండింటి రెక్కల మధ్య పేరుకుంటే ఇక చెప్పేదేముంది. రేడియేటర్ దించి రెండువైపులా కడిగించడం, ఫ్యాన్ క్లచ్ చూడటం, గొట్టాలకి గాలి పట్టించి సబ్బునీళ్లతో లీకు వెతకడం, ఎయిర్ ఫిల్టర్ ముందు దుమ్మును సుడి తిప్పి విడగొట్టే ప్రీక్లీనర్ పెట్టడం ఎవరూ గొప్పగా చెప్పుకునే పనులు కావు. కానీ పికప్ పోయిందని వచ్చే బండ్లలో చాలావాటికి పోయింది కంపెనీ ఇచ్చిన బూస్టే. అది తిరిగొస్తే యజమాని అడిగిన బలం అక్కడే దొరుకుతుంది. దుమ్ము సంగతి ఇంకొకటుంది. ఫిల్టర్ పక్కనుంచి దూరిన సన్నటి ఇసుక నిమిషానికి లక్ష చుట్లకి చేరువగా తిరిగే టర్బో చక్రం అంచుల్ని కొరుకుతుంది, తర్వాత సిలిండర్ లోపలి గోడైన లైనర్‌ని గీస్తుంది. బూస్టు పెరిగితే లోపలికి పోయే గాలీ పెరుగుతుంది, దానితోపాటు ఇసుకా.

అంతా సరిచేశాక కూడా బలం చాలట్లేదంటేనే సిలిండర్లకి మూతలా ఉండే హెడ్ దించాలి. అధిక పీడనం ముందుగా తలుపు తట్టేది హెడ్‌కీ బ్లాకుకీ మధ్య సందులోనే.

హెడ్ బోల్టుని మేకులాంటిదనుకుంటాం. అది స్ప్రింగు. బిగించేటప్పుడు ఉక్కు బోల్టు కొద్దిగా సాగుతుంది, సాగింది కాబట్టే హెడ్‌ని బ్లాకుకి అదిమిపెడుతుంది. బిగువుగా అల్లిన నులక మంచం మీద మనిషి కూర్చుంటే నులక కొత్తగా సాగేది తక్కువ. వదులు మంచమైతే కూర్చున్నప్పుడల్లా సాగి, రాసుకున్న చోట పోగు పోగూ తెగుతుంది. బోల్టుల మొత్తం బిగువు మంట తోపుకంటే ఎక్కువగా ఉన్నంతకాలం ప్రతి పేలుడూ బోల్టుకి తెలిసేది చాలా తక్కువ. తోపు ఆ బిగువును దాటిన క్షణాన హెడ్ కొన్ని మైక్రాన్లు లేస్తుంది. గ్యాస్కెట్ ఉక్కు వలయం పక్కనుంచి మండే వాయువు నీళ్ల దారిలోకి దూరుతుంది. రేడియేటర్లో బుడగలు, రాయిలా గట్టిపడిన పైపు, పొంగి కారే నీళ్లు మెకానిక్‌కి అందే మొదటి కబురు.

ఇందులో మోసం టార్క్ రెంచిది. మనం తిప్పే బలంలో తొంభై శాతం దాకా మరలో, బోల్టు తల కింద రాపిడికే పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన పది శాతం. మరలో తుప్పుందా, నూనె రాశారా అన్నదాన్ని బట్టి ఒకే అంకె దగ్గర ఒక బోల్టు బిగుసుకుంటుంది, ఇంకోటి సగం వదులుగా ఉంటుంది. అందుకే ఇప్పటి ఇంజిన్లలో కొంత టార్క్ ఇచ్చాక ఇక కోణం లెక్కన తిప్పమంటారు. అలా సాగే హద్దు దాకా లాగిన బోల్టుల్ని చాలా కంపెనీలు మళ్లీ వాడొద్దంటాయి. సనాయాలో ఆ మాట వినేవాళ్లు ఎంతమందన్నది వేరే సంగతి. బూస్టు పెంచేవాళ్లు బోల్టులు తీసి గట్టి ఉక్కు స్టడ్‌లు వేస్తారు. స్టడ్ బ్లాకులో ముందే కూర్చుంటుంది, పైన నట్టు మాత్రమే తిరుగుతుంది. మెలిక తక్కువ, సాగడం సూటిగా, బ్లాకు మరలకి అరుగుదల తక్కువ.

బోల్టుల లెక్క ఎంత ముఖ్యమో అమెరికా ఒకసారి ఖరీదుగా నేర్చుకుంది. 2003 నుంచి ఫోర్డ్ పెద్ద పికప్‌ల్లో వచ్చిన 6 లీటర్ల డీజిల్ ఇంజిన్లో ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే హెడ్ బోల్టులు. అదనపు బూస్టు పెట్టినవాళ్లకి హెడ్ లేవడం, గ్యాస్కెట్ పోవడం మామూలైపోయి, ఆ ఇంజిన్‌కి స్టడ్‌లు వేయడమే ఒక ప్రత్యేక వ్యాపారంగా ఎదిగింది. 2011 మోడల్‌తో వచ్చిన 6.7 లీటర్ల ఇంజిన్లో సిలిండర్ చుట్టూ ఆరు బోల్టులు పెట్టారు, బ్లాకునీ మార్చారు. మామూలు పోత ఇనుములో కర్బనం రేకులుగా ఉంటుంది, పగుళ్లు ఆ రేకుల వెంటే పాకుతాయి. కొత్త బ్లాకు ఇనుములో ఆ కర్బనాన్ని మొద్దుబారిన పురుగుల ఆకారంలోకి తెచ్చారు. లాగినప్పుడు తెగకుండా నిలిచే బలం దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది. బ్లాకు సంగతిలో షెడ్డులో చేయగలిగింది తక్కువ. మెయిన్ బేరింగ్ క్యాపులన్నింటినీ కలిపి పట్టే ఉక్కు పట్టీ వేయొచ్చు. హెడ్‌నీ బ్లాకునీ లేత్ దగ్గర ఫేస్ కొట్టించి, బోరు చుట్టూ గాడి తీసి తీగ వలయం కూర్చోబెట్టొచ్చు. గట్టి స్టడ్‌లు బిగిస్తే బోరు గుండ్రదనం కాస్త చెదురుతుంది కనుక, హెడ్ బదులు మందపాటి ఉక్కు పలకని అదే బిగువుతో బిగించి, ఆ స్థితిలో హోనింగ్ చేయించాలి. ఈ పలక ఉన్న షెడ్డు దొరికితే మిగతా పని కూడా అక్కడే ఇవ్వొచ్చని నా అభిప్రాయం.

సందు మూసుకుంది. ఇప్పుడు ఆ బరువంతా కిందికి దిగుతుంది. చాలా ఇంజిన్లలో పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. దాదాపు 570 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టే లోహం రెండువేల డిగ్రీలు దాటే మంట కింద బతుకుతోందంటే కారణం నూనె. కింద నుంచి సన్నని నాజిల్ ఒకటి పిస్టన్ లోపలి సొరంగంలోకి నూనె చిమ్ముతూ వేడిని లాగేస్తుంది. బూస్టుతో పాటు డీజిల్ కూడా పెరిగినప్పుడు పిస్టన్ తలలోని గిన్నె అంచు ముందు పగులుతుంది, ఆపైన కరుగుతుంది. ఈ కారణానికే బరువు లారీల కంపెనీలు చాలావరకు ఉక్కు పిస్టన్లకి మారాయి. కనెక్టింగ్ రాడ్ కథ వేరు. పెట్రోలు పందెం ఇంజిన్లో రాడ్‌ని తెంచేది వేగం, డీజిల్లో దాన్ని వంచేది తోపు. అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం తక్కువ చుట్ల మీద నిండు బూస్టు, ఎత్తులో పెద్ద గేరులోనే లాగించే డ్రైవరు పాదం కింద. బేరింగ్ షెల్‌కీ క్రాంకుకీ మధ్య బరువు మోసేది కొన్ని మైక్రాన్ల నూనె పొర, వేడెక్కిన కొద్దీ పల్చబడే పొర. కాబట్టి ఆయిల్ కూలర్ కూడా బలం పెంచే సామానే.

ఇంకో శత్రువు బయటికి కనపడదు. లారీల్లో తరచూ ఉండే తడి లైనర్ల చుట్టూ నేరుగా నీళ్లుంటాయి. పేలుడు పేలుడుకీ లైనర్ గోడ అదురుతుంది. అదురు వెనక్కి లాగినప్పుడు నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, మరుక్షణం గోడ మీదే చితుకుతాయి. చితికిన ప్రతి బుడగా లోహంలో ఒక రవ్వ లేపుతుంది. కొన్నాళ్లకి లైనర్ బయటి నుంచి లోపలికి సూదిబెజ్జం పడి, నూనెలో నీళ్లు కలుస్తాయి. బూస్టు పెరిగితే అదురూ పెరుగుతుంది. సరైన కూలెంట్‌లోని మందులు లోహం మీద పల్చటి పొర కట్టి దీన్ని అడ్డుకుంటాయి. ఎండకి ఆవిరైన కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి నెట్టుకొచ్చే అలవాటు ఉన్నచోట ఖరీదైన స్టడ్‌లు ఎన్ని వేసినా లైనర్‌ని కాపాడవు.

ఒమన్ వేడి ఒక్క విషయంలో మాత్రం మేలు చేస్తుంది. పీడనం తగ్గించడానికి పాత ఉపాయం కంప్రెషన్ తగ్గించడం. 17 బదులు 15 కి 1 పెడితే, అదే 2.5 బార్ల బూస్టు దగ్గర పిండిన చివరి పీడనం 160 నుంచి 135కి దిగుతుంది. చలిదేశాల్లో దీనికి శిక్ష ఉంది: తెల్లవారుజామున ఇంజిన్ స్టార్టవదు, అయినా తెల్లపొగ కక్కుతుంది. తీరప్రాంతపు ఒమన్‌లో తెల్లవారుజాము కూడా అంత చల్లగా ఉండదు. కొంత మైలేజీ పోతుంది, అది లెక్కేసుకోవాలి. రెండువేల మీటర్ల ఎత్తున్న జబల్ అఖ్దర్ సైఖ్ పీఠభూమిలో శీతాకాలం తిరిగే బండికి మాత్రం ఈ సలహా పనికిరాదు. అక్కడ చలీ ఉంది, గాలి ఒత్తిడి కూడా దాదాపు అయిదో వంతు తక్కువ.

ఇదంతా చేస్తే ఎంత దూరం వెళ్లొచ్చో చూడాలంటే పక్కనే ఉంది డకార్ ర్యాలీ. 2020 నుంచి సౌదీలో జరుగుతోంది. 2023లో ఒమన్ కూడా పంచుకునే రబ్ అల్ ఖాలీ ఇసుకలోకి వెళ్లింది. ఆ ఏడాది లారీల విభాగంలో గెలిచిన యానుస్ వాన్ కాస్టెరెన్ నడిపింది ఇవెకో. రోడ్డు మీద అయిదువందల పైచిలుకు గుర్రాలిచ్చే 13 లీటర్ల ఇంజిన్ కుటుంబం నుంచే ఆ పందెం జట్లు తొమ్మిదివందలకి అటూఇటూ పిండుతాయి. కానీ ర్యాలీ మొత్తం కొన్నివేల కిలోమీటర్లే. అది ముగిశాక ఇంజిన్ విప్పి చూసుకునే జట్టు వెంట ఉంటుంది.

పని లారీకి ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 1,500 చుట్ల మీద ఒక్కో సిలిండర్ గంటకి 45,000 సార్లు పేలుతుంది. పద్నాలుగు గంటల మస్కట్-సలాలా ప్రయాణంలో ఆరు లక్షలు దాటుతుంది. ఒక్క దెబ్బకి విరగని లోహం లక్షల దెబ్బలకి విరుగుతుందని జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బండి ఇరుసుల మీద పరీక్షలు చేసి చూపించాడు. దెబ్బ బలం కొంచెం పెరిగినా, తట్టుకునే దెబ్బల సంఖ్య చాలా రెట్లు పడిపోతుంది. బూస్టు పెంచిన మర్నాడు ఏమీ కాలేదు కదా అనే ధైర్యానికి అర్థం లేకపోవడం ఇందుకే.

అందువల్ల బోల్టులకన్నా, పిస్టన్లకన్నా ముందు కొనాల్సింది పొగ వేడిని కొలిచే గేజి. టర్బోకి ముందు మానిఫోల్డ్‌లో దాని ముక్కు పెడతారు. అల్యూమినియం పిస్టన్ ఉన్న ఇంజిన్‌ని ఎక్కువసేపు లాగించేటప్పుడు 680 డిగ్రీలు దాటనివ్వకూడదన్నది ట్యూనింగ్ చేసేవాళ్లలో వాడుక. సలాలా రేవులో కంటైనరు ఎక్కించుకుని థుమ్రైత్ వైపు కొండ ఎక్కుతున్న లారీలో ముల్లు ఆ అంకెకి చేరుతుంటే డ్రైవరు ఒక గేరు తగ్గించాలి. చుట్లు పెరుగుతాయి, ఒక్కో పేలుడు మీద పడే బరువు తగ్గుతుంది, ఒక్కో చుక్క డీజిల్‌కి దక్కే గాలి పెరుగుతుంది. నీళ్ల పంపూ ఫ్యాన్ కూడా వేగం అందుకుంటాయి. కొద్దిసేపట్లోనే ముల్లు కిందికి దిగడం మొదలుపెడుతుంది.